బిడ్డ చూపు: మన బాధ్యత, మన హక్కు

(తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం సాధారణంగా రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ భూముల గురించి, ఉపకార వేతనాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి పిల్లల కంటిచూపు గురించి మాట్లాడుకుందామని నిర్ణయించినప్పుడు కొందరు మిత్రులు ఆశ్చర్యపోయారు. అది వైద్యుల వ్యవహారం, హక్కుల కోసం పనిచేసే మనకు దానితో ఏం సంబంధం అని అడిగారు. సంబంధం ఉంది. బోర్డు మీది అక్షరం కనపడని బిడ్డ చదువులో వెనకబడతాడు. వెనకబడిన బిడ్డకు ‘మొద్దు’ అని పేరు పెడతారు. ఆ పేరు మోయలేక బడి మానేసిన బిడ్డ మెకానిక్ షెడ్డులోనో, గాజుల బట్టీ దగ్గరో, మగ్గం వర్క్ చెక్క ముందో తేలుతాడు. మన సమాజంలో బడి మానేసే పిల్లల గురించి ఎన్నో కారణాలు చెప్పుకుంటాం. పేదరికం అంటాం, వివక్ష అంటాం. రెండూ నిజమే. కానీ వాటి మధ్య ఒక జత కళ్లద్దాల లోటు కూడా ఉందన్న సంగతి మన లెక్కలోకి రావడం లేదు.

బిడ్డ ‘నాకు కనపడటం లేదు’ అన్ననాడు ఆ మాటను ఆ రోజే నమ్మాలి. ఆ బిడ్డ కళ్లను పరీక్షించే ఏర్పాటు అతడు ఎక్కడ కూర్చుని చదువుకుంటున్నాడో అక్కడికి రావాలని ప్రభుత్వాన్ని అడగాలి. మొదటిది తల్లిదండ్రులుగా మన బాధ్యత, రెండోది పౌరులుగా మన హక్కు. ఈ రెంటి గురించే ఈ రోజు మాట్లాడదలచాం.

‘హఠాత్తుగా’ అన్న మాట వెనుక

మా వద్దకు వచ్చే తల్లిదండ్రులు తరచుగా ఒకే మాట అంటారు: ‘మొన్నటి దాకా బాగానే ఉన్నాడండీ, హఠాత్తుగా కనపడటం లేదంటున్నాడు.’ ఆ మాటలో ఉన్న భయం మాకు తెలుసు. రాత్రంతా నిద్ర పట్టదు. ఫోన్ ఇచ్చింది మనమే కదా అని తల్లి తనను తాను నిందించుకుంటుంది. ఎవరి దిష్టి తగిలిందో అని నాయనమ్మ కంగారు పడుతుంది. నాలుగు రోజులు చూద్దాం, తగ్గకపోతే అప్పుడు వెళదాం అని తండ్రి అంటాడు. ముగ్గురూ ప్రేమతోనే అంటున్నారు. ముగ్గురి మాటల వల్లా కాలం గడిచిపోతుంది.

చాలా సందర్భాల్లో చూపు తగ్గింది హఠాత్తుగా కాదు, మనకు తెలిసింది హఠాత్తుగా. బిడ్డకు తన చూపు తప్ప మరొకరి చూపు తెలియదు. వేపచెట్టు ఆకులు విడివిడిగా కనిపించాలని అతడికి ఎవరూ చెప్పలేదు. లోకం ఇలాగే మసకగా ఉంటుందని అనుకుంటాడు. పక్క పిల్లవాడి పుస్తకంలో చూసి రాసుకుంటూ ఒకటి రెండేళ్లు నెట్టుకొస్తాడు. ఒకరోజు ఉపాధ్యాయుడు వెనుక బెంచీలో కూర్చోబెట్టి చదవమంటాడు. ఆ రోజు బయటపడుతుంది.

దీన్నే మనం ‘సైటు’ అంటాం. బడి వయసులో కంటిగుడ్డు పొడవు పెరిగి దూరపు వస్తువులు మసకబారడం హ్రస్వదృష్టి. దీనికి మైనస్ అద్దాలు ఇస్తారు. ఎదిగే వయసు కనుక నెంబరు ఏటేటా మారుతూ ఉంటుంది. అద్దాలు పెట్టుకోవడం వల్ల నెంబరు పెరుగుతుందన్నది అపోహ. గుడ్డు పెరుగుతున్నందువల్ల నెంబరు పెరుగుతుంది. క్యారెట్లు తింటే ఉన్న సైటు పోతుందన్నది కూడా అపోహే. విటమిన్ ఎ అవసరమైనదే, కానీ దాని పని వేరు. అది లోపిస్తే రేచీకటి వస్తుంది, కార్నియా ఎండిపోతుంది, చివరకు చూపే పోవచ్చు. అందుకే 9 నెలల వయసు నుంచి 5 ఏళ్ల వరకు 9 మోతాదుల విటమిన్ ఎ ద్రావణం ఉచితంగా వేస్తున్నారు. మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు, కలేజీ ఇంట్లో వండుకోగలిగిన మందులే.

మరో సమస్య ఇంకా మౌనంగా వస్తుంది. ఒక కన్ను బాగా పనిచేస్తూ రెండో కన్ను బలహీనంగా ఉంటే మెదడు మంచి కంటినే వాడుకుంటుంది. రెండో కంటిని క్రమంగా పక్కనపెడుతుంది. దీన్ని వైద్యులు లేజీ ఐ అంటారు. మెల్లకన్ను ఉన్న పిల్లల్లో, రెండు కళ్ల నెంబర్లలో ఎక్కువ తేడా ఉన్న పిల్లల్లో ఇది వస్తుంది. బిడ్డ ఆడుకుంటాడు, నడుస్తాడు, చదువుతాడు కూడా. మంచి కన్ను మూసిన రోజునే రెండోది సరిగా కనపడటం లేదని తెలుస్తుంది. ఏడెనిమిదేళ్లలోపు అద్దాలతో, మంచి కంటికి కొన్ని గంటలు గంత కట్టే చికిత్సతో బాగా మెరుగుపడే అవకాశం ఉంటుంది. వయసు పెరిగిన కొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. ‘మెల్లకన్ను అదృష్టం’ అని మురిసిపోయే ఇళ్లలో ఆ అదృష్టానికి బిడ్డ ఒక కన్ను మూల్యంగా చెల్లిస్తున్నాడు.

అందుకే ఒక చిన్న పని చెబుతున్నాం. గోడ మీద క్యాలెండర్ తగిలించి, కొన్ని అడుగుల దూరంలో బిడ్డను నిలబెట్టండి. ఒక కన్ను అరచేతితో మూసి చదివించండి. తర్వాత రెండో కన్ను మూసి చదివించండి. రెంటికీ తేడా ఉంటే, లేదా ఆ వయసు పిల్లలు చదవగలిగినది చదవలేకపోతే కంటి వైద్యుని వద్దకు వెళ్లాలి. ఇది వైద్య పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు, ఆసుపత్రికి దారి చూపే పని మాత్రమే. టీవీకి మరీ దగ్గరగా కూర్చోవడం, కళ్లు చిట్లించడం, తల పక్కకు వంచి చూడటం, చదవగానే తలనొప్పి అనడం, బంతి పట్టలేకపోవడం, చీకటి పడగానే తడుముకోవడం కూడా బిడ్డ మనకు చెబుతున్న మాటలే. రేచీకటి విషయంలో మరొక సంగతి. మేనరికాలు, దగ్గరి బంధువుల మధ్య వివాహాలు ఉన్న కుటుంబాల్లో రెటీనాకు సంబంధించిన కొన్ని వంశపారంపర్య వ్యాధులు రావడానికి అవకాశం ఎక్కువ. మన ప్రాంతంలో ఇది ఒక మతానికి పరిమితమైన ఆచారం కాదు. వైద్యుడు ఆ వివరం అడిగితే నొచ్చుకోకుండా చెప్పాలి.

గంటలు లెక్కపెట్టవలసిన సందర్భాలు

సైటు అయితే వారం రోజుల్లో పరీక్షకు వెళ్లినా ప్రమాదం లేదు. కానీ కొన్ని లక్షణాలు కనిపించినప్పుడు తెల్లారే దాకా కూడా ఆగకూడదు. ఈ భాగాన్ని తల్లులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలని కోరుతున్నాం.

నిజంగానే ఒక పూటలో, ఒకటి రెండు రోజుల్లో ఒక కంటిలోగాని రెండు కళ్లలోగాని చూపు పడిపోతే అది అత్యవసరం. దృష్టి నాడి వాపు కావచ్చు, రెటీనా ఊడటం కావచ్చు. కంటి ముందు నల్లటి తెర దిగుతున్నట్టు, మెరుపులు మెరిసినట్టు బిడ్డ చెబితే అది కట్టుకథ కాదు. పొద్దున్నే తలనొప్పి, వాంతులు, ఒకటి రెండుగా కనపడటం, కొత్తగా మెల్లకన్ను రావడం మెదడులో ఒత్తిడి పెరిగిందన్న సూచన కావచ్చు. చూపు మసకతో పాటు బిడ్డ విపరీతంగా దాహం, మాటిమాటికి మూత్రం, బరువు తగ్గడం గురించి చెబితే రక్తంలో చక్కెర ఆ రోజే చూడాలి.

పసిబిడ్డ కనుపాపలో నల్లగా ఉండవలసిన చోట తెల్లటి మెరుపు కనిపిస్తే, ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, మరొకటి తెల్లగా పడితే ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. అది పుట్టుకతో వచ్చిన శుక్లం కావచ్చు, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కావచ్చు. ముందుగా గుర్తిస్తే ఆ క్యాన్సర్ నుంచి బిడ్డ ప్రాణాన్ని, చాలాసార్లు కంటిని కూడా కాపాడుకోవచ్చు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన శిశువుకు 30 రోజులలోపు రెటీనా పరీక్ష చేయించాలి. ప్రసవమైన ఆసుపత్రిలో ఎవరూ చెప్పకపోతే మీరే అడగండి.

ఇక దెబ్బలు. గిల్లీ దండా, బాణం పుల్ల, పతంగి మాంజా, టపాసులు, వరి కంకి, ముల్లు. ఏది తగిలినా కంటిని నలపకూడదు, గుచ్చుకున్న వస్తువును ఇంట్లో లాగకూడదు. చెట్టు కొమ్మో, గడ్డి పరకో తగిలిన కంటిలో ఫంగస్ పుండు పడి, మానినా పువ్వు వేసిపోయే ప్రమాదం ఉంది. పాన్ సున్నం పొట్లం ఇళ్లలో పిల్లలకు అందే చోట పడి ఉంటుంది. పిల్లవాడు నొక్కితే అది పగిలి కంట్లో చిమ్ముతుంది. సున్నం కంటిని క్షణాల్లో కాలుస్తుంది. అప్పుడు ఆటో కోసం పరుగెత్తకండి. ముందు శుభ్రమైన నీటిని కంట్లో ధారగా కనీసం పావుగంట నుంచి అరగంట దాకా పోయండి. రెప్పల కింద ఉన్న ముక్కలు కొట్టుకుపోవాలి. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లండి. ఆ మొదటి నీళ్లే చూపును నిలబెడతాయి.

మనం చేతులారా చేస్తున్నవి

ఎండాకాలం వచ్చేసరికి మన పిల్లల్లో చాలామందికి కళ్లు దురద పెడతాయి, ఎర్రబడతాయి. అది అలర్జీ. మందుల షాపుకు వెళ్లి చెబితే ఒక చుక్కల సీసా చేతిలో పెడతారు. వేయగానే హాయిగా ఉంటుంది. వచ్చే ఏడాది అదే సీసా అడిగి తెచ్చుకుంటాం. అందులో డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ వంటి స్టిరాయిడ్ ఉంటే, వైద్యుని పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వాడిన బిడ్డకు నీటికాసుల వ్యాధి రావచ్చు, శుక్లం రావచ్చు. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. దురద తగ్గించుకోబోయి కన్ను పోగొట్టుకున్నట్టవుతుంది. చీటీ లేకుండా చుక్కలు కొనకండి, పక్కింటి బిడ్డ మందు మన బిడ్డకు వేయకండి.

సుర్మా గురించి చెప్పక తప్పదు. అది మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న అలవాటు, పెద్దల పట్ల గౌరవంతో ముడిపడినది. ఆ గౌరవంతోనే చెబుతున్నాం. బజారులో సుర్మా పేరుతో అమ్ముతున్న వాటిలో చాలా వాటిలో సీసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. నల్లని మెరుపు ఇచ్చే ఆ రాయి సీసపు ఖనిజం. చిన్నపిల్లల ఒంట్లోకి చేరిన సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కళ్లు నలిపిన వేలు నోట్లోకే వెళుతుంది కదా. ఒకే సలాకతో ఇంటిల్లిపాదికీ పెడితే ఒకరి కంటి జబ్బు అందరికీ అంటుకుంటుంది. కన్ను పోయేంత కాటుక ఎందుకని మన తెలుగు సామెత ఊరికే అనలేదు. పసిబిడ్డలకు సుర్మా, కాటుక రెండూ వద్దు. తేనె, తల్లిపాలు, ఆకు పసరు కూడా కంట్లో వేయవద్దు.

దిష్టి తీయడాన్ని, దువా చేయడాన్ని మేము అడ్డుకోవడం లేదు. దువా చేస్తూనే ఆసుపత్రికి బయలుదేరమంటున్నాం. కంటి వైద్యం మనకు పరాయి విద్య కాదు. బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైసమ్ 11వ శతాబ్దంలోనే వెలుతురు వస్తువుల నుంచి కంటిలోకి వచ్చినప్పుడు చూపు కలుగుతుందని ప్రయోగాలతో వివరించాడు. బాగ్దాదు వైద్యుడు అలీ ఇబ్న్ ఈసా కంటి జబ్బుల మీద రాసిన గ్రంథాన్ని శతాబ్దాల పాటు వైద్యులు చదువుకున్నారు. ఆ వారసత్వం చెప్పుకునే మనం బిడ్డను పరీక్షకు తీసుకెళ్లడానికి వెనుకాడటం తగదు. రోజా ఉన్న బిడ్డకు చుక్కలు వేయవచ్చా అని కొందరు సందేహిస్తారు. కంట్లో వేసే మందు వల్ల రోజా భంగం కాదని హనఫీ ఫిఖ్హ్ పండితులు చెబుతూ వచ్చారు. సందేహముంటే మీ ఆలిమ్‌ను అడగండి, మందు మాత్రం మానకండి. పరీక్ష కోసం వేసే చుక్కలతో కొన్ని గంటలు, కొన్ని రకాలతో కొన్ని రోజులు దగ్గరి అక్షరాలు మసకబారతాయి. పిల్లల నెంబరు సరిగా తెలియాలంటే ఆ చుక్కలు అవసరం. అది చూసి భయపడి పరీక్ష మధ్యలో వచ్చేయకండి.

కళ్లు బాగున్నాయి, అయినా కనపడటం లేదు

ఒక కుటుంబం గురించి చెప్పవలసి ఉంది. ఆటో నడుపుకునే ఒక సోదరుడు పదేళ్ల కూతురిని వెంటబెట్టుకుని మా వద్దకు వచ్చారు. పిల్ల ఒక చిన్న ప్రైవేటు బడిలో ఐదో తరగతి. రెండు వారాలుగా బోర్డు కనపడటం లేదంటోంది, పుస్తకం కూడా కనపడటం లేదంటోంది. రెండు ఆసుపత్రులు తిరిగారు. అన్ని పరీక్షలూ చేశారు. కళ్లు బాగున్నాయి, నరాలు బాగున్నాయి అన్నారు. ఒకచోట ‘నాటకమాడుతోంది, రెండు తగిలించండి’ అని కూడా అన్నారట. ఆ తండ్రి కూతుర్ని కొట్టలేక, నమ్మలేక నలిగిపోతున్నారు. అప్పు చేసి ఇంకొక స్కాన్ తీయిద్దామా అని అడిగారు.

మూడో చోట ఒక పిల్లల కంటి వైద్యురాలు తండ్రిని బయట కూర్చోబెట్టి, తల్లి సమక్షంలో పిల్లతో అరగంట మాట్లాడారు. అప్పుడు తెలిసింది. కొన్ని వారాలుగా తోటి పిల్లలు ఆమెను పేరుతో కాక మరొక దేశం పేరుతో పిలుస్తున్నారు. టీచరుకు చెప్పుకుంటే పట్టించుకోవద్దన్నారు. గొడవ ఎందుకని ఆమెనే వెనుక బెంచీకి మార్చారు. ఆ తర్వాతే చూపు మసకబారింది. ఆ వైద్యురాలు తండ్రికి చెప్పిన మాట మాకు చాలా విలువైనదిగా తోచింది. పిల్ల అబద్ధం ఆడటం లేదు, ఆమెకు నిజంగానే కనపడటం లేదు, మోయలేని బాధ కొందరు పిల్లల్లో చూపు మీదకు వస్తుంది, మందు కంటికి కాదు బడికి వేయాలి అన్నారామె.

మేము ఇద్దరం తండ్రితో కలిసి బడికి వెళ్లాం. కేకలు వేయలేదు. ప్రధానోపాధ్యాయుడికి జరిగింది జరిగినట్టు చెప్పాం, రాతపూర్వకంగా ఇచ్చాం. పిల్లను మొదటి బెంచీకి మార్చారు. తరగతిలో ఆ పిలుపు ఆగింది. కొన్ని వారాల్లో ఆమె చూపు మామూలైంది.

ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. మొదటిది, ఇది మనసుకు సంబంధించినదని తేల్చవలసింది వైద్యుడు, అదీ పూర్తి పరీక్షల తర్వాత. మనం ఇంట్లో కూర్చుని బడికి ఎగనామం పెట్టడానికే అంటున్నాడని తేల్చేస్తే అసలు జబ్బు దాగిపోతుంది. రెండోది, కళ్లు బాగున్నాయన్న మాటతో మన పని అయిపోదు. బిడ్డ ఏం చూడలేకపోతోందో, ఏం చూసి తట్టుకోలేకపోతోందో కూడా అడగాలి. తరగతి గదిలో మన పిల్లల గౌరవం గురించి మాట్లాడితే అది రాజకీయమని కొందరంటారు. ఆ తండ్రికి అది కూతురి కంటిచూపు.

కళ్లజోడు, ఆడపిల్ల, ఆటస్థలం

కళ్లజోడు రాసిచ్చాక కూడా దాన్ని పెట్టె అడుగున దాచే ఇళ్లున్నాయి. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. రేపు సంబంధాలు రావని భయం. ఆ భయంతో పదేళ్ల పిల్లకు లోకాన్ని మసకగా ఉంచడం న్యాయమా? కళ్లజోడు పెట్టుకున్న కోడలు వద్దనే ఇంటి గురించి ఆలోచించవలసింది మనం కాదు, ఆ ఇల్లు. ఈ సభలో ఉన్న అబ్బాయిల తల్లులు కూడా ఈ మాట వినాలి. జోడు విరిగితే, గీతలు పడితే మార్చాలి. నెంబరు మారిందేమో ఏడాదికొకసారి చూపించాలి.

సైటు త్వరగా రాకుండా ఉండటానికి తోడ్పడుతుందని అధ్యయనాలు చెబుతున్నది చాలా చౌకైన విషయం, పగటి వెలుతురు. రోజుకు దాదాపు రెండు గంటలు ఆరుబయట గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి మొదలయ్యే అవకాశం తగ్గుతుంది. మన బస్తీల్లో ఆ రెండు గంటలు ఎక్కడ గడపాలి? ఒక గది ఇల్లు, మోటారు సైకిళ్లతో నిండిన గల్లీ, ఆటస్థలం లేని బడి. ఫోన్ పట్టుకున్నాడని బిడ్డను తిట్టేముందు అతడికి బంతి ఆడే చోటు ఇచ్చామా అని మున్సిపాలిటీని అడగవలసి ఉంది. ఆడపిల్లలకైతే ఆ చోటు ఇంకా కరువు. ఇంట్లో తల్లి పక్కన కూర్చుని జర్దోజీ కుట్టే పిల్లకు వెలుతురు బాగా ఉన్న చోటు, మధ్యమధ్య విరామం, అన్నిటికంటే ముందు బడి దక్కాలి.

పరీక్ష ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు

ఇక హక్కు మాట. మన దేశంలో అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లోనే మొదలైంది. బడి పిల్లల కళ్లు పరీక్షించి, అవసరమైన పేద పిల్లలకు ఉచితంగా కళ్లజోళ్లు ఇవ్వడం అందులో భాగం. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు చూపు లోపంతో సహా 30 రకాల సమస్యలను ముందుగా గుర్తించి ఉచితంగా చికిత్స చేయించడం దీని ఉద్దేశం. సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి రావాలి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, మళ్లీ 2023 జనవరి 18న కంటి వెలుగు శిబిరాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అదే పేరుతో మొదలైన కార్యక్రమం తొలి విడతలో బడి పిల్లలనే తీసుకుంది. ఇవన్నీ మంచి పనులే. అయితే శిబిరం ఒకసారి వచ్చి వెళుతుంది, బిడ్డ కన్ను ఏటా మారుతుంది.

అసలు సంగతి ఏమిటంటే, బాల స్వాస్థ్య బృందాలు వెళ్లవలసిన బడుల నిర్వచనంలో ఉన్నవి ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు. మన పిల్లలు ఎక్కడున్నారో ఒకసారి చూడండి. పట్టణాల బస్తీల్లో పెద్ద సంఖ్యలో పిల్లలు నెలకు కొన్ని వందల ఫీజు కట్టే చిన్న ప్రైవేటు బడుల్లో ఉన్నారు. కొందరు మదర్సాలలో ఉన్నారు. ముస్లిం పిల్లలంతా మదర్సాలలోనే చదువుతారన్న ప్రచారం నిజం కాదని 2006లో సచార్ కమిటీ చెప్పింది. బడి వయసు పిల్లల్లో నూటికి మూడు నాలుగు మందే అక్కడున్నారని లెక్క తేల్చింది. ఆ నలుగురూ మన పిల్లలే. ఇంకొందరు ఏ బడిలోనూ లేరు. ఈ మూడు చోట్లకూ కంటి చార్టు పట్టుకుని ఎవరూ రావడం లేదు. ఎవరో పగబట్టి ఆపారని మేము అనడం లేదు. జాబితాలో లేని చోటికి జీపు రాదు. జాబితాలో చేర్చమని అడగనంత కాలం చేరదు కూడా.

విద్యా హక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం ప్రధానంగా మత విద్య నేర్పే మదర్సాలకు, వేద పాఠశాలలకు ఆ చట్టం వర్తించదు. దాన్ని చూపి మదర్సాకు ఆరోగ్య బృందం ఎందుకు రావాలని ఎవరైనా అంటే మన జవాబు సిద్ధంగా ఉండాలి. మినహాయింపు సంస్థకు ఇచ్చారు. అందులో చదివే బిడ్డ ఆరోగ్యానికి మినహాయింపు ఎవరూ ఇవ్వలేదు. అదే సమయంలో మదర్సా నిర్వాహకులకు కూడా మా మనవి. తలుపు తెరవండి. హిఫ్జ్ చేసే బిడ్డ రోజంతా పుస్తకం మీద కళ్లు పెట్టి కూర్చుంటాడు, అతడి కంటికి పరీక్ష అందరికంటే అవసరం. నేత్ర వైద్య బృందాన్ని తనిఖీ బృందంగా భావించవద్దు.

మరి ఈ లోపు ఏం చేయాలి? జిల్లా ఆసుపత్రిలో కంటి విభాగం ఉంటుంది. హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది, కర్నూలు, విశాఖపట్నాలలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రులున్నాయి. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చెల్లించలేని వారికి ఉచితంగా వైద్యం చేస్తుంది, దాని చిన్న కంటి కేంద్రాలు రెండు రాష్ట్రాల్లోని అనేక ఊళ్లలో ఉన్నాయి. పెద్ద చికిత్స అవసరమైతే అది ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం కింద వస్తుందో లేదో ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో అడగండి. అడిగే ముందే వడ్డీ వ్యాపారి గడప తొక్కకండి.

చూపు తిరిగి రాకపోతే

అన్ని ప్రయత్నాలూ చేసినా కొందరు బిడ్డలకు చూపు పూర్తిగా రాదు. ఆ తల్లిదండ్రులు కూడా ఈ సభలో ఉన్నారు. వారికి ఓదార్పు మాటల కంటే హక్కులు చెప్పడం మంచిది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అంధత్వాన్ని, అల్పదృష్టిని రెంటినీ గుర్తిస్తుంది. 40 శాతం లేదా అంతకుమించి వైకల్యం ఉందని ధ్రువీకరణ పొందిన బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య పొందే హక్కు ఉంది. ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి వెళ్లాలి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు దయతో ఇచ్చేవి కావు. అల్పదృష్టి ఉన్న బిడ్డకు భూతద్దాలు, పెద్ద అక్షరాల పుస్తకాలు, మొదటి బెంచీ ఇస్తే చాలాదూరం వస్తాడు.

మన చరిత్రలో అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) ఉన్నారు. ఆయనకు చూపు లేదు. ఆయన విషయంలో ఖుర్ఆన్‌లో ‘అబస’ సూరా అవతరించింది. మదీనాలో అజాన్ పలికిన గౌరవం ఆయనది. ప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్లినప్పుడు నమాజుకు నాయకత్వం వహించే బాధ్యత ఆయనకు అప్పగించారు. చూపు లేని బిడ్డను ఇంటి మూలన కూర్చోబెట్టే వారు ఆ చరిత్రను మరొకసారి చదువుకోవాలి.

మనం అడగవలసినవి

మిత్రులారా, ఈ సభ నుంచి నాలుగు విషయాలు జిల్లా కలెక్టరుకు, జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాం. తక్కువ ఫీజు ప్రైవేటు బడులను, మదర్సాలను, బడి బయటి పిల్లలు పనిచేసే బస్తీలను ఏటా జరిగే కంటి పరీక్షల జాబితాలో చేర్చాలి. పరీక్షలో లోపం తేలిన ప్రతి బిడ్డకూ నెల లోపల కళ్లజోడు అందాలి, విరిగితే మరొకటి ఇవ్వాలి. బృందం వచ్చే తేదీని ఉర్దూలోనూ తెలుగులోనూ ముందుగా తెలియజేయాలి, మస్జిదులలో ప్రకటించడానికి మేము సిద్ధం. మన బస్తీల బడులకు ఆటస్థలం చూపాలి.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ప్రతి మస్జిదు కమిటీ, ప్రతి మహిళా సంఘం తమ బస్తీలో బడి వయసు పిల్లల పేర్లు రాయాలి. కన్ను మూసి క్యాలెండర్ చదివించే పని ఒక ఆదివారం చేయగలం. లోపం కనిపించిన పిల్లల జాబితా పట్టుకుని ఆసుపత్రికి వెళితే, మన డిమాండ్ వెనుక మాటలు కాక పేర్లు ఉంటాయి. మా సభ్యులు ఏ బస్తీకి పిలిచినా వచ్చి సహాయం చేస్తారు.

ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మీ పిల్లల్ని ఒక్కొక్కరిని పిలిచి గోడ ముందు నిలబెట్టండి. వారు చెప్పేది పూర్తిగా వినండి. మసకగా ఉందంటే రేపు పొద్దున్నే బయలుదేరండి. దారిఖర్చులకు ఇబ్బంది అయితే మమ్మల్ని అడగండి. బిడ్డ చూపు కోసం అడగడంలో సిగ్గుపడవలసింది ఏదీ లేదు.

అల్లాహ్ మన పిల్లల కళ్లను చల్లగా చూడుగాక. సెలవు.